గడ్డి మీద పన్ను, గోడ మీద పన్ను

నల్లగండ్లలో మేముండే అపార్ట్‌మెంటులో మొన్న వేసవిలో మెయింటెనెన్సు పెంచారు. చదరపు అడుక్కి అర్ధ రూపాయి. చెప్పిన కారణం అబద్ధమేం కాదు. బోర్లు ఎండిపోయాయి, రోజూ ట్యాంకర్లు దిగుతున్నాయి. అయినా వాట్సాప్ గ్రూపు మూడు రోజులు కుతకుత ఉడికింది. కాఫీకి మూడొందలు పెట్టి వెనక్కి తిరిగి చూడని కుర్రాళ్లు కూడా ఆ అర్ధ రూపాయికి ఎక్సెల్ షీట్లు తీశారు. చీరాల నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న పెద్దాయన ఒకరు లిఫ్టు దగ్గర నన్ను ఆపి, "అర్ధ రూపాయి గురించి కాదండీ ఈ గోలంతా. అంతా తేల్చేసుకుని, ఆ తర్వాత నోటీసు అంటించారు చూశారూ, అక్కడ కాలింది. మా ఊరికి మునిసిపాలిటీ తెచ్చినప్పుడూ ఇంతేనని మా తాత చెప్పేవాడు" అన్నారు.

లిఫ్టు వచ్చింది, ఆయన వెళ్లిపోయారు. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. తెల్లవాడి పన్నులంటే మనవాళ్లకి ఎందుకంత మండింది అనే ప్రశ్నకు బడి పుస్తకం జవాబు మూడు ముక్కల్లో అయిపోతుంది: పన్నులు ఎక్కువ, పాలకులు దుర్మార్గులు, జనం తిరగబడ్డారు. తీరా చరిత్ర తిరగేస్తే ఈ మూడు ముక్కలూ ఒకదానికొకటి అతకవు. పంటలో సగానికి సగం శిస్తు కింద పోయిన కాలంలో చాలా ఊళ్లు నోరు మెదపలేదు. ఇంటి పన్ను పెరుగుతుందంటే ఒక ఊరు ఊరంతా తట్టాబుట్టా సర్దుకుని పొలాల్లోకి పోయింది. బరువుకీ కోపానికీ లెక్క కుదరడం లేదు.

ఈ చిక్కు మనకొక్కరికే లేదు. పన్నుల కోపానికి లోకమంతా చెప్పుకునే ఉదాహరణ అమెరికా వలసలది. 1765లో స్టాంపు చట్టంతో అక్కడ గొడవ మొదలైంది. 1766లో దాన్ని రద్దు చేశారు, 1767లో వేరే రూపంలో మళ్లీ వడ్డించారు. చివరికి 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో 342 పెట్టెల తేయాకు సముద్రం పాలైంది. విచిత్రమేమంటే ఆ ఏడాది వచ్చిన చట్టం వల్ల తేయాకు ధర తగ్గింది. పౌనుకు మూడు పెన్నీల పన్ను మాత్రం అలాగే ఉంచారు. చవకగా వస్తున్న సరుకును సముద్రంలో పోయడానికి కారణం ఆ మూడు పెన్నీల బరువు కాదు. తాము ఒక్క సభ్యుణ్ణీ పంపని పార్లమెంటు, సముద్రం అవతల కూర్చుని వేసిన పన్ను అది. ఒక్క కప్పు తాగినా పన్ను వేసే ఆ హక్కును ఒప్పుకున్నట్టేనని వాళ్ల వాదన.

ఆ తేయాకు ఎవరిదో చూస్తే కథ మన గుమ్మంలోకి వస్తుంది. అది ఈస్టిండియా కంపెనీ సరుకు. అమెరికా మీద పన్నులు వేయాల్సి వచ్చింది ఏడేళ్ల యుద్ధం తెచ్చిన అప్పు తీర్చడానికి. ఆ యుద్ధంలో ఒక ఘట్టం 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో జరిగింది. అక్కడ కర్నల్ ఫోర్డు సైన్యం, విజయనగరం రాజు సాయంతో ఫ్రెంచివాళ్లను ఓడించింది. మరుసటి ఏప్రిల్లో బందరు కోట పడిపోయింది. ఇక స్టాంపు చట్టం వచ్చిన 1765లోనే ఉత్తర సర్కార్ల మీద కంపెనీకి మొగలు చక్రవర్తి ఫర్మానా దక్కింది. 1766లో నిజాం అలీ ఏటా కొంత సొమ్ము తీసుకునే షరతు మీద దానికి ఒప్పుకున్నాడు. ఆ బేరం నడిపిన దుబాసీ కాండ్రేగుల జోగిపంతులు మన తెలుగువాడే. ఒకే యుద్ధం, ఒకే కంపెనీ. బోస్టన్ వర్తకుడు స్టాంపు కాగితం గురించి గొంతు చించుకుంటున్న రోజుల్లో, రాజమండ్రి రైతు శిస్తు ఎవరి ఖజానాకు చేరాలో అతనికి చెప్పకుండానే తేలిపోయింది.

పోలిక ఇక్కడితో ఆపడం మేలు. అక్కడ కోపగించుకున్నవాళ్లు ఇంగ్లండు నుంచి వెళ్లి స్థిరపడ్డవాళ్లు, తామూ ఆ రాజుగారి ప్రజలమేనని, తమకూ అవే హక్కులున్నాయని అడిగారు. వాళ్ల పొలాల్లో చాకిరీ చేసిన బానిసలను మాత్రం ఎవరూ అడగలేదు. మనవాళ్లది వేరే పరిస్థితి. శిస్తు కొత్త కాదు. గోల్కొండ కాలంలోనూ కట్టారు, నిజాం కాలంలోనూ కట్టారు. రాజుకు భాగం ఇవ్వడం ధర్మమనే అనుకున్నారు. కంపెనీ వచ్చాక మారింది ఆ భాగం కొలిచే తీరు.

పాత పద్ధతిలో పంట కళ్లంలో ఉండగా భాగం తేలేది. పండకపోతే రాజుకూ లేదు, రైతుకూ లేదు. పోలింపు అబద్ధాలు, అమీను లంచాలు, కరణం చేతివాటం అన్నీ ఉండేవి. బతిమాలుకోవడానికి ఒక మనిషంటూ కూడా ఉండేవాడు. కంపెనీ సర్కార్లలో 1802 నుంచి జమీందార్లతో శాశ్వత ఒప్పందం చేసుకుంది. మరోవైపు, 1800లో నిజాం తన గడ్డ మీద ఉన్న ఇంగ్లీషు పటాలం ఖర్చు కింద ధారపోసిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాల్లో థామస్ మన్రో రైత్వారీ మొదలుపెట్టాడు. చేను చేనుకూ కొలత, చేను చేనుకూ రేటు, రొక్కంలో కిస్తీ. గింజ ధర పడిపోయినా రూపాయి రూపాయే. మన్రోను తిట్టడం తేలిక కానీ న్యాయం కాదు. తాను కట్టిన రేటు ఎక్కువైందని, నాలుగో వంతు తగ్గించాలని 1807లో రాసింది ఆయనే. పైవాళ్లు వినలేదు. 1827లో పత్తికొండలో కలరాతో పోయాక రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు. శిస్తు వేసినవాడి పేరు బిడ్డకు పెట్టుకునే జనానికి శిస్తు మీద గుడ్డి ద్వేషం ఉందని ఎలా అంటాం? గుర్రమెక్కి చేను దగ్గరికొచ్చి, తెలుగులో నాలుగు మాటలు అడిగినవాణ్ణి వాళ్లు గుర్తు పెట్టుకున్నారు.

మన్రోలు అందరూ కాదు. కిస్తీ వసూలు చేసే చేయి తాసిల్దారుదీ, అతని బంట్రోతులదీ. ఆ చేయి ఏం చేసేదో 1855లో మద్రాసు హింసల విచారణ సంఘం అచ్చు వేసింది. కిస్తీ కట్టని రైతు వేళ్లను రెండు కర్రల మధ్య పెట్టి నొక్కేవాళ్లు. తమిళంలో దాన్ని కిట్టి అనేవాళ్లు, తెలుగులో చీరట అని ఆ నివేదిక రాసుకుంది. ఇంకోటి, మెడకూ కాలి వేళ్లకూ తాడు బిగించి మనిషిని వంగదీసి ఎండలో నిలబెట్టడం. కొన్నిసార్లు వీపు మీద రాయి. ఈ విచారణ దానంతటది జరగలేదు. మద్రాసులో గాజుల లక్ష్మీనరసు శెట్టి అనే తెలుగు వర్తకుడు 1844లో క్రెసెంట్ పత్రిక పెట్టాడు, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించాడు. పార్లమెంటుకు అర్జీలు పంపాడు. డాన్బీ సీమోర్ అనే పార్లమెంటు సభ్యుడు ఇక్కడికి వస్తే జిల్లాలు తిప్పి చూపించాడు. ఆ గొడవ లండన్లో చర్చకు వచ్చాకే సంఘం ఏర్పడింది. మన స్వాతంత్ర్య చరిత్రల్లో లక్ష్మీనరసు శెట్టికి దక్కిన చోటు చాలా తక్కువ. కత్తి పట్టలేదు, ఉరి ఎక్కలేదు, అర్జీలు రాశాడు. పన్నును గురించి అడిగే హక్కు పన్ను కట్టేవాడికి ఉందని ఆయన అర్జీలో రాసినంత తేటగా ఆ రోజుల్లో ఇక్కడ ఇంకెవరూ అనలేదనుకుంటాను.

ఆ అర్జీల్లో ఇంకో ఫిర్యాదు మొహతర్ఫా. సాలె మగ్గానికి, కమ్మరి కొలిమికి, దుకాణానికి, చేతి పనికి వేసిన పన్నది. భూమి దేవుడిదో రాజుదో అంటే రైతు సర్దుకుంటాడు. మగ్గం నా తాత చెక్కింది, నూలు నేను కొన్నది, మధ్యలో సర్కారు ఎక్కడి నుంచి వచ్చిందని సాలెవాడి ప్రశ్న. 1860ల మొదట్లో అది పోయింది. దాని బదులు ఆదాయ పన్ను వచ్చిందనుకోండి, అది వేరే పురాణం.

నా మట్టుకు నాకు కనిపించిన దారం ఇదే. మనవాళ్లు భగ్గుమన్న చాలా చోట్ల, అంతకుముందు ఎవరూ లెక్కలో వేయనిదాన్ని సర్కారు లెక్కలోకి తెచ్చింది. కోయిలకుంట్లలో 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచినవాళ్లలో చాలామంది ఇనాములు పోయిన కట్టుబడి బంట్రోతులు. రంపలో 1879లో తిరుగుబాటు లేచింది కల్లు దగ్గర. కొండల్లో జీలుగు చెట్టు, తాటిచెట్టు ఇంటి మనిషి లాంటివి. ఇంటికోసం గీసుకునే కల్లును ఆబ్కారీ కాంట్రాక్టులోకి లాగారు. ఆపైన రంప మన్సబుదారు వేసిన చిగురు పన్ను. చెట్టు గీసుకుంటే పన్ను, అందులోనూ చెట్టు ఎవరిదో ఎరగని మైదానం కాంట్రాక్టరుకు. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య లాంటివాళ్లు పోలీసు స్టేషన్లు తగలబెట్టారు. 1882 అడవి చట్టం తర్వాత పోడు కూడా నేరమైంది. గూడెం కొండల్లో రోడ్డు పనికి కూలి సరిగా ఇవ్వని దొరతనం తోడైంది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడులు చేసిన అల్లూరి సీతారామరాజు వెనక ఉన్నది ఆ నలభై ఏళ్ల లెక్క.

పల్నాడులో అదే సంగతి పుల్లరి పేరుతో వచ్చింది. అడవిలో పశువును మేపితే తలకింత పుల్లరి. పశువు గడ్డి తినడం కూడా సర్కారు దయేనా అని రైతు. 1921లో అడవి ఉద్యోగులకు ఊళ్లలో నిప్పూ నీళ్లూ పుట్టనివ్వలేదు. చాకలి రాడు, మంగలి రాడు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర పోలీసుల తూటాలకు కన్నెగంటి హనుమంతు పడిపోయాడు. ఈ గొడవలోనే జైలుకు వెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణ అక్కడే మాలపల్లి రాశాడు.

చీరాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, నాకు లిఫ్టు దగ్గర బాకీ ఉంది కదా. చీరాల, పేరాల రెండూ కలిసి దాదాపు 15,000 జనం, చాలామంది నేతపనివాళ్లు, చిన్న వ్యాపారులు. గ్రామ యూనియన్‌గా ఉన్నప్పుడు ఏటా సుమారు 4,000 రూపాయల పన్ను. 1919లో దాన్ని మునిసిపాలిటీ చేశారు. ఆ లెక్కన పన్ను 40,000 దాకా పోతుందని తేలింది. మురుగు కాలవలు, దీపాలు, మంచినీళ్లు వస్తాయని ప్రభుత్వం మాట. అబద్ధం కాకపోవచ్చు. మేము అడగలేదు, మాకంత స్తోమత లేదని ఊరి మాట. సభ్యులు రాజీనామా చేస్తే జీతం మీద చైర్మన్‌ని వేసి నడిపించారు. పన్ను కట్టనందుకు కొందరిని జైల్లో వేశారు, వాళ్లలో ఒక స్త్రీ కూడా ఉంది. అప్పటికి స్థానిక స్వపరిపాలన శాఖ తెలుగు మంత్రి పానగల్లు రాజా చేతిలో ఉంది. అంటే ఆ పన్ను పట్టుబట్టి వసూలు చేయించినవాడు దొర కూడా కాదు. ఈ ఒక్క సంగతి చాలు, కోపమంతా తెల్లతోలు మీదనే అనేవాళ్లకు.

నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడింబరోలో ఎమ్మే చదివి వచ్చి, రుద్రాక్షలు వేసుకుని రామదండు కట్టినవాడు. బెజవాడ కాంగ్రెసు సమావేశం అయ్యాక 1921 ఏప్రిల్ 6న గాంధీజీ చీరాల వచ్చారు. రెండు దారులు చెప్పారు: పన్ను కట్టకుండా శిక్ష అనుభవించండి, లేదా పొలిమేర దాటి పొండి. ఊరు రెండోది పట్టుకుంది. ఏప్రిల్ నెల చివర, ఎండ నిప్పులు చెరుగుతున్నప్పుడు, 13,000 మంది దాకా మునిసిపల్ హద్దు అవతల పాకలు వేసుకున్నారు. దాని పేరు రామనగరం. హద్దు అంటే ఏ కొండో నదో కాదు, కాగితం మీద గీత. దానికి ఇవతల ఇటుక గోడల ఇల్లు ఖాళీగా ఉంది, అవతల తాటాకు పాకలో మనుషులున్నారు. పన్ను ఇటుక గోడకు, తాటాకుకు లేదు. పదకొండు నెలలు అలాగే గడిపారు. వాన, అగ్గి, జబ్బులు. ఊరికి తమ సొంత పంచాయతీ, తగవులు తీర్చే పెద్దలు, కాపలాకు రామదండు. బరంపురంలో మాట్లాడాడన్న నేరం మీద దుగ్గిరాలకు ఏడాది జైలు పడింది. డబ్బు రాలేదు, మగ్గాలు ఆగిపోయాయి. చివరికి జనం వెనక్కి వచ్చి పన్ను కట్టారు. దీన్ని విజయం అని రాసిన పుస్తకాలున్నాయి, అపజయం అని రాసినవీ ఉన్నాయి. నేనైతే లెక్కగా చూస్తాను: పదకొండు నెలల పాక బతుకు ఖర్చు ముందు మునిసిపల్ పన్ను ఎంత? ఆ లెక్క వాళ్లకీ తెలుసు.

పెదనందిపాడు ఫిర్కా కథ దీనికి భిన్నం. అది శిస్తు మీద నేరుగా పోరు. 1922 జనవరిలో మొదలు. పర్వతనేని వీరయ్య చౌదరి శాంతిసేన కట్టాడు. కరణాలు, మునసబులు చాలామంది రాజీనామా పెట్టారు, దాంతో సర్కారు కళ్లూ చెవులూ పోయాయి. పుస్తకం ఎవరి దగ్గరుందో తెలియకపోతే ఎవరు ఎంత బాకీయో కలెక్టరుకు మాత్రం ఎలా తెలుస్తుంది? పశువులను జప్తు చేసి వేలం వేస్తే పాటకు మనిషి లేడు. గొడ్లను తోలుకుపోయినవాళ్లకు మేత వేసేవాడూ లేడు. సైన్యాన్ని ఊళ్ల మీదుగా నడిపించి బెదిరించారు. కాంగ్రెసు నాయకుడు కొండా వెంకటప్పయ్యకు గాంధీజీ రాసిన ఉత్తరంలో మొదటి నుంచీ సందేహమే. ఫిబ్రవరి 4న చౌరీచౌరా హింస జరిగింది, ఉద్యమం ఆగిపోయింది, రైతులు గొణుక్కుంటూ కట్టారు.

ఇక్కడ ఒక మాట నిష్ఠూరంగానే చెప్పాలి. పెదనందిపాడు నడిపినవాళ్లు పొలమున్న రైతులు. పొగాకు, అపరాలు పండించి నాలుగు రాళ్లు వెనకేసుకున్నవాళ్లే ఎక్కువ. కట్టుబట్టలతో ఉన్న కూలీకి ఇంగ్లీషువాడు ఎక్కడో ఉన్నాడు, ఆసామి ఎదురుగా ఉన్నాడు. శిస్తు తగ్గితే కూలి పెరుగుతుందని ఎవరూ అతనికి మాట ఇవ్వలేదు. జాతీయోద్యమ చరిత్రలు ఈ సంగతి పక్కకు నెట్టాయి. ఎ. శారదా రాజు 1941లో అచ్చు వేసిన మద్రాసు ప్రెసిడెన్సీ ఆర్థిక చరిత్ర శిస్తు బరువును తూచి చూపింది. డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో గూడెం-రంప తిరుగుబాట్లను 1839 నుంచి 1924 దాకా ఒకే గొలుసుగా చూశాడు. కొండవాళ్ల కోపానికి వాళ్ల సొంత కారణాలున్నాయని, అది మైదానపు కాంగ్రెసుకు పిల్లకాలవ కాదని వాదించాడు. ఈ విషయంలో నేను ఆర్నాల్డు వైపే. రంపనూ పెదనందిపాడునూ ఒకే దండలో గుచ్చితే చూడ్డానికి బాగుంటుంది గానీ రెండు పూల వాసనా పోతుంది.

బరువే కారణమనేవాళ్ల పక్షాన కూడా సాక్ష్యం ఉంది. గుంటూరులో 1832-33 డొక్కల కరువులో సుమారు 5 లక్షల జనంలో లక్షన్నర మందికి పైగా పోయారంటారు. అలా నేల ఖాళీ అయ్యాకే, ఆనకట్ట కట్టాలన్న ఇంజనీరు ఆర్థర్ కాటన్ మాటకు మద్రాసులో విలువ వచ్చింది. 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు. గోదావరి స్నాన సంకల్పంలో కాటన్ పేరు చెప్పేవాళ్లు ఉన్నారని విన్నాను. మరి అంత మేలు పొందిన డెల్టాలోనే 1920ల చివర రీసెటిల్మెంటు పేరుతో రూపాయికి మూడణాలు, అంటే నూటికి 18.75 శిస్తు పెంచుతామంటే ఊరూరా సభలు జరిగాయి. రైతు నాయకుడు ఎన్.జి. రంగా లాంటివాళ్లు సేద్యపు ఖర్చుల పట్టీలు పట్టుకుని తిరిగారు. అంతలో ప్రపంచ మాంద్యం వచ్చి ధాన్యం ధర కుప్పకూలింది. మూలిగే నక్క మీద తాటిపండు. ఇక్కడ మాత్రం కోపం అచ్చంగా బరువుదే, కాదనను. ఉప్పు సంగతి అందరికీ తెలిసిందే. సముద్రం ఒడ్డున పుట్టినవాడు కాళ్ల దగ్గర పేరుకున్న ఉప్పును చేత్తో తీస్తే దొంగతనం. 1805 నుంచి మద్రాసులో అదే చట్టం.

ఇదంతా కోస్తా, సీమల కథ. నల్లగండ్ల రైతు 1922లో ఇంగ్లీషువాడికి దమ్మిడీ కట్టలేదు. అతని శిస్తు నిజాం రాజ్యానికి. అలాగని ఈ గడ్డ ఆ లెక్క బయట లేదు. సికింద్రాబాదు పటాలం కోసం సీమ జిల్లాలు పోయాయి, ఇంకో పటాలం అప్పు కింద 1853లో బీరారు పోయింది. రైతు కట్టింది నవాబుకు, నవాబు కట్టింది రెసిడెన్సీకి. చేయి మారింది, అంతే.

మా ఇంటి నుంచి లింగంపల్లి వెళ్లాలంటే నల్లగండ్ల ఫ్లైఓవర్ ఎక్కాలి. సాయంత్రం ట్రాఫిక్కులో పైన ఇరుక్కుంటే కింద రైలు పట్టాలు కనిపిస్తాయి. వాడి-సికింద్రాబాదు లైను అది, 1874లో నిజాం డబ్బుతో వేశారు. 1883లో దాన్ని లండన్లో పెట్టిన ఒక కంపెనీకి అప్పగించి, చాందా వైపు పొడిగించి, వాటాదార్లకు వడ్డీ హైదరాబాదు ఖజానా నుంచి గ్యారంటీ ఇవ్వాలని ఏర్పాటు. పైసా పైసా కూడిన రైతు శిస్తు అది. షరతులేమిటో జనానికి ముందు చెప్పండి, ఆ తర్వాత సంతకాలు చేయండని కొందరు పట్నంలో కమిటీ వేసి అడిగారు. ముల్లా అబ్దుల్ ఖయ్యూం వాళ్లలో ఒకడు. ఇంకొకరు అఘోరనాథ్ చట్టోపాధ్యాయ, కాలేజీ ప్రిన్సిపాలు, సరోజినీ నాయుడి తండ్రి. వాళ్లు పన్ను ఎగ్గొట్టలేదు, స్టేషను తగలబెట్టలేదు, పాకలు వేసుకోలేదు. లెక్క చూపించమన్నారు.

ఆ మే నెలలో అఘోరనాథ్‌ను రాజ్యం నుంచి బయటికి పంపేశారు. ఒప్పందం మీద సంతకాలు ఏడాది చివరకు అయిపోయాయి.